పాత బండి – కనబడని కీళ్లు

పాత మోటారు సైకిలు కొనబోవువారు సాధారణముగా మూడు సంగతులు చూచెదరు. పెట్రోలు ట్యాంకు రంగు చెడకుండ నున్నదా? మీట నొక్కగనే ఇంజను పలుకుచున్నదా? టైర్లలో గాడులు మిగిలియున్నవా? ఈ మూడును బాగుండి, పత్రములు సరిపోయినచో బేరము కుదిరినట్లే. మోకాళ్లపై కూర్చుండి, వెనుక చక్రమునకును ఇంజనునకును నడుమనున్న చీకటి తావున ఏమున్నదో చూచువారు మిక్కిలి అరుదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఏ వస్తువునకు చెల్లినను చెల్లకపోయినను, పాత మోటారు సైకిలునకు మాత్రము చక్కగా చెల్లును.

మనుష్యుని భారమును, వెనుక కూర్చున్నవారి భారమును, బాట మీది గతుకుల దెబ్బలను మోయు సాధనమంతయు ఆ చీకటి తావుననే ఉన్నది. దానినే సస్పెన్షను అందురు. ఈ ప్రసంగమున వెనుక సస్పెన్షను ఎట్లు పనిచేయును, ఎందుచేత చెడును, చెడినదానిని ఎట్లు బాగుచేయవలయును అను సంగతులను ముచ్చటింప దలచినాము. కచ్చా బాటలలో నడచుటకై ఎత్తుగా చేసిన మోటారు సైకిళ్లకు, అనగా డర్ట్ బైకులకు, ఇది ముఖ్యముగా వర్తించును.

సికింద్రాబాదు వాసులకు ఈ విషయము క్రొత్తది కాదు. 1806లో ఏర్పడిన ఈ నగరము దండు బజారుగా పుట్టి పెరిగినది. దండు ఉన్నచోట బండ్లును, బండ్లున్నచోట వానిని బాగుచేయువారును ఉండుట సహజము. సైన్యమునకు సాంకేతిక విద్య గరపు మిలిటరీ కాలేజీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ మన తిరుమలగిరిలోనే ఉన్నది. ఆ దారిలోని ఒక పేటకు కార్ఖానా అనియే పేరు. బేరింగులు, బోల్టులు, రబ్బరు సీళ్లు మొదలగు ఏ సామగ్రి కావలసినను రాణీగంజు అంగళ్లను వెదకుట మనవారికి అలవాటు.

మన దేశమున ఇటీవలి కాలమున కచ్చా బాటల బండ్లు సామాన్య గృహస్థులకును అందుబాటులోనికి వచ్చినవి. 2011లో హీరో సంస్థ ఇంపల్స్ అను బండిని, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ హిమాలయన్‌ను, 2019లో మరల హీరో సంస్థ ఎక్స్‌పల్స్ 200ను విడుదల చేసినవి. ఇట్టి బండ్లు రెండవ చేతికి, మూడవ చేతికి మారుచున్నవి. కళాశాలలో చదువు కుమారుడు అట్టి బండి నొకదానిని చూచివచ్చి తండ్రిని ఒప్పించుట ఇపుడు అనేక గృహములలో జరుగుచున్న కథయే. తల్లిదండ్రులకు ఇంజను సంగతి తెలియకపోయినను ఫరవాలేదు గాని, ఈ కీళ్ల సంగతి కొంత తెలిసియుండుట మేలు.

మోటారు సైకిలు వెనుక చక్రము ఒక పొడవైన ఉక్కు భుజము చివర అమర్చబడి యుండును. ఆంగ్లమున దానిని స్వింగార్మ్ అందురు. మన జంటనగరముల మిస్త్రీలు చిమ్టా అందురు. ఆ పేరు బహు చక్కగా నప్పినది. పట్టుకారు రెండు కాళ్లవలె అది చక్రమును ఇరువైపుల పట్టుకొనియుండును. చిమ్టా ముందు కొన చట్రమునకు ఒక లావైన ఇరుసుతో కీలుగా బిగింపబడి యుండును. అందుచేత గతుకు వచ్చినపుడు చక్రము పైకి లేచును గాని బండియంతయు లేవదు.

ఇప్పుడిది సామాన్యముగా తోచును గాని, ఒకప్పుడు వెనుక చక్రమునకు స్ప్రింగు పెట్టుటయే వింతగా నుండెడిది. రాయల్ ఎన్‌ఫీల్డు వారు తమ బుల్లెట్టును చిమ్టాతోను, రెండు షాక్ అబ్సార్బర్లతోను సిద్ధపరచి, 1948లో ఇంగ్లండునందలి కచ్చా బాటల పోటీలలో పరీక్షించిరి. అటుపిమ్మట మదరాసునందు ఆ బండ్ల తయారీ ప్రారంభమైనది. నేడు మనము వీధులలో చూచు బుల్లెట్టు పూర్వులలో ఒకటి ఆనాటి డర్ట్ బైకే అన్నమాట.

రెండు షాకులకు బదులు ఒకే షాకును చట్రము నడుమ అమర్చు పద్ధతిని బెల్జియము దేశపు ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ రూపొందించెను. జపానునందలి యమహా సంస్థ దానిని గైకొనగా, 1973లో ఆ పద్ధతి గల బండిపై స్వీడను దేశీయుడు హాకన్ ఆండర్సన్ 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ విజేత యయ్యెను. 1980 ప్రాంతమున మరియొక మార్పు వచ్చినది. చిమ్టాకును షాకునకును మధ్య చిన్న ఉక్కు తునకలతో ఒక లంకెను కల్పించిరి. దానిని లింకేజి అందురు. 2016నాటి హిమాలయన్‌లో ఉన్నదియు ఈ లంకె పద్ధతియే. అందు వెనుక చక్రము 180 మిల్లీమీటర్ల మేర కదలగలదు.

లంకెవలన లాభమేమి? చిన్న గతుకు వచ్చినపుడు స్ప్రింగు మెత్తగా లొంగవలయును. పెద్ద గోతిలో పడినపుడు గట్టిగా నిలువవలయును. ఒకే స్ప్రింగు ఈ రెండు పనులను చేయుట కష్టము. లంకె తన కోణమును మార్చుకొనుచు, చక్రము పైకి లేచినకొలది షాకును మరింత వేగముగా నొక్కును. ఆరంభమున మెత్తదనము, అంతమున గట్టిదనము ఆ విధముగా లభించును.

ఇక షాక్ అబ్సార్బరు. మిస్త్రీలు దీనిని క్లుప్తముగా షాకప్ అందురు. ఇందు పైకి కనబడునది స్ప్రింగు, కనబడనిది నూనె. స్ప్రింగు తాను మ్రింగిన శక్తిని మరల కక్కును. దానిని ఆపువారు లేనిచో గతుకు దాటిన పిదపకూడ బండి ఉయ్యాలవలె ఊగుచునే యుండును. అందుకై స్ప్రింగు నడుమ ఒక గొట్టము, ఆ గొట్టములో నూనె, నూనెలో సన్నని రంధ్రములు గల పిస్టను ఉండును. నూనె ఆ రంధ్రములగుండ బలవంతముగా పోవునపుడు ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోవును. గతుకుల బాటపై చాలదూరము నడపిన పిదప షాకప్‌ను తాకినచో వెచ్చగా నుండుటకు కారణమిదియే.

ఇంత చక్కని ఏర్పాటు ఎందుచేత చెడును? మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది తావు. లంకె యుండుచోటు చక్రమునకు ముందు, నేలకు దగ్గరగా నున్నది. చక్రము విసరిన బురద అంతయు అచ్చటనే పడును. రెండవది మన నేల. మన ప్రాంతము గ్రానైటు శిలలమీద నిలచినది. ఆ శిల శిథిలమైనపుడు కొంతభాగము మెత్తని మన్నగును గాని, అందలి పలుగురాయి గరుకు ఇసుకగానే మిగులును. మొరము దారిలో బండి నడపినవారికి ఆ గరుకుదనము తెలిసినదే. పలుగురాయి మామూలు ఇనుమును సులభముగా గీయగలదు. అది గ్రీజులో కలిసినచో ఆ గ్రీజు కీలునకు మందుగాక ఆకురాయి యగును.

మూడవ కారణము కొంచెము సూక్ష్మమైనది. చక్రపు బేరింగు గుండ్రముగా తిరుగును. తిరుగుటవలన లోని గ్రీజు అన్ని వైపులకు ప్రాకును. లంకెలోని బేరింగు అట్లు తిరుగదు. కొద్ది డిగ్రీలు మాత్రము ముందునకు వెనుకకు ఆడును. అందుచేత సూదులవంటి ఉక్కు రోలర్లు ఎల్లప్పుడు ఒకేచోట ఒత్తిడి కలిగించును. అచ్చటి గ్రీజు తొలగిపోయి, నీరు చేరి, త్రుప్పు పట్టి, ఉక్కుపై గీతలు పడును. పైకి మాత్రము బండి నిగనిగలాడుచునే యుండును. అధిక పీడనపు నీటితో బండిని కడిగించువారు లంకెవైపు నీటిని సూటిగా కొట్టించినచో, ఆ నీరు సీళ్లను దాటి లోనికి పోవును. అనగా బండిని శుభ్రముగా ఉంచుకొనుచున్నామను సంతోషముతోనే లోపలి కీళ్లను పాడుచేసికొనుట సంభవించును.

మా పరిచయస్థుల ఇంట జరిగినదానిని ఉదాహరణముగా చెప్పెదము. వారి కుమారుడు ఆరేండ్లు వాడిన కచ్చా బాటల బండి నొకదానిని కొనెను. ఒకనాడు తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని స్పీడు బ్రేకరు దాటుచుండగా, వెనుకభాగము ఒకమారు కుంగి, రెండుమారులు ఎగిరిపడెను. ఆమె సీటుమీదినుండి జారబోయి, కుమారుని భుజమును పట్టుకొని నిలద్రొక్కుకొనెను. దగ్గరనున్న ఒక మిస్త్రీ బండిని చూచి, స్ప్రింగు పైనున్న రింగును నాలుగు చుట్లు బిగించి పంపెను. బండి కొంత ఎత్తు లేచెను గాని, ఎగిరిపడుట మరింత హెచ్చెను.

దీనియందు తెలిసికొనవలసిన విశేషమున్నది. రింగును బిగించుటవలన స్ప్రింగు గట్టిపడదు. బండి ఎత్తు మాత్రము మారును. ఎగిరిపాటును ఆపవలసినది నూనె. నూనె కారిపోయినపుడు స్ప్రింగును ఎంత బిగించినను లాభముండదు సరికదా, తిరిగి తన్నుటకు దానికి మరింత బలము చేకూరును.

తరువాత ఆ బండిని కార్ఖానా ప్రాంతమునందలి ఒక పెద్దవయసు మిస్త్రీయొద్దకు తీసికొనిపోయిరి. మేమును వెంట పోయితిమి. ఆయన రింగుజోలికి పోలేదు. “సార్, ముందు విప్పి చూద్దాం. చూడకుండ సామాను కొనవద్దు,” అని మాత్రము అనెను. విప్పుటకుముందు ఆయన మూడు పరీక్షలు చేసెను. అవి ఎవరైనను చేసికొనదగినవి.

మొదట ఇంజను క్రింద దిమ్మ పెట్టి వెనుక చక్రము గాలిలో నుండునట్లు బండిని నిలిపెను. చక్రమును రెండు చేతులతో మెల్లగా పైకెత్తి విడిచెను. టక్కుమని శబ్దము వచ్చెను. చక్రము కొంతదూరము తేలికగా కదలి, పిమ్మటగాని బరువు తగులలేదు. లంకెలోగాని, షాకప్ చివరలనున్న బుష్షులలోగాని అరుగుదల ఉన్నదని దీని అర్థము. లంకెయొద్ద వెంట్రుకవాసి సందు ఏర్పడినను అది చక్రమువద్ద కొన్ని రెట్లుగా కనబడును. రెండవ పరీక్షయందు చిమ్టా వెనుక కొనను పట్టుకొని కుడియెడమలకు త్రోసెను. అచ్చట కదలిక లేదు. అనగా పెద్ద ఇరుసు బేరింగులు బాగున్నవి. అవి చెడినచో మలుపులలో బండి తోక ఆడించును. అది మిక్కిలి ప్రమాదకరము. మూడవది, షాకప్ కడ్డీని గుడ్డతో తుడిచి చూచెను. గుడ్డకు నల్లని నూనె జిడ్డు అంటెను. సీలు పోయినదనుటకు అంతకుమించిన సాక్ష్యము అక్కరలేదు.

అటుపిమ్మట విప్పుట ఆరంభమయ్యెను. ప్రతి భాగమును తీయుటకుముందు కుమారునిచేత ఫోనులో బొమ్మ తీయించెను. ఏ వాషరు ఎటువైపున నుండెనో, ఏ బోల్టు ఎటునుండి దూర్చబడెనో మరచిపోయినచో తిరిగి కూర్చుట తలనొప్పి యగును. లంకె బోల్టు ఒకటి లోపలి గొట్టముతో కలిసి త్రుప్పుపట్టి బిగుసుకొనెను. ఆయన దానిని సుత్తితో మోదలేదు. త్రుప్పు వదలించు నూనె చల్లి రాత్రియంతయు ఉంచి, మరునాడు నట్టును బోల్టు కొనవరకు త్రిప్పియుంచి, నడుమ ఇత్తడి కడ్డీనుంచి మెల్లగా తట్టెను. నట్టు ఉండుటవలన మరలు చెడవు. ఇత్తడి మెత్తనిది గనుక ఉక్కు నొచ్చదు. తొందరపడి మోదినచో అర్ధరూపాయి పని ఐదువందల పని యగునని మిస్త్రీలు చెప్పు మాటకు అర్థము అప్పుడు బోధపడెను.

లంకెను కిరసనాయిలులో కడిగి చూడగా రెండు బేరింగులలో గ్రీజునకు బదులు ఎర్రని త్రుప్పు పొడి రాలెను. కొన్ని సూదులు కదలనే లేదు. లోపలి గొట్టముపై గోరు నడపినచో గీతలు తగిలినవి. గోటికి తగులు గీత ఉన్న గొట్టమును మరల వాడరాదు. అది క్రొత్త బేరింగును కూడ కొద్దికాలములోనే పాడుచేయును. మిగిలిన రెండు బేరింగులు కడిగి గ్రీజు పెట్టగా చక్కగా ఆడినవి. బేరింగు అంచుపై చెక్కిన సంఖ్యను వ్రాసికొని రాణీగంజునకు పోయి తెచ్చుట తరువాతి పని. సంఖ్యతోబాటు పాత బేరింగును కూడ తీసికొనిపోయి కొలత సరిచూచుకొనుట మంచిది. నమ్మకము గల అంగడినే ఎన్నుకొనవలయును; చౌకయను నెపముతో నకిలీ సరుకు తెచ్చినచో శ్రమ రెండింతలగును.

క్రొత్త బేరింగును సుత్తితో కొట్టి దించరాదు. వైసు రెండు దవడల నడుమ లంకెనుంచి, బేరింగు అంచునకు సరిపడు గొట్టమును అడ్డముంచి, కొంచెము కొంచెముగా నొక్కవలయును. నీటిని సహించు గ్రీజును సూదులన్నింటి నడుమ వ్రేలితో దట్టముగా కూరవలయును. సీళ్లు చవుకైనవే, పాతవానిని తిరిగి పెట్టుటలో పొదుపు లేదు.

ఇక షాకప్ సంగతి. ఇచ్చట ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇట్టి బండ్ల షాకప్‌లలో పెక్కింటియందు నూనెతోబాటు నైట్రోజను వాయువును అధిక పీడనమున నింపుదురు. డర్ట్ బైకులలో అది సాధారణముగా 10 బార్ల ప్రాంతమున నుండును. మోటారు సైకిలు టైరులోని గాలికి అది నాలుగైదు రెట్లు. వేగముగా పనిచేయునపుడు నూనె నురుగుకట్టకుండుటకు ఆ పీడనము అవసరము. నైట్రోజనులో తడి యుండదు, అది నూనెను చెరుపదు. కనుకనే మామూలు గాలిని నింపరు. వాయువును వదలకుండ మూతను విప్పినచో ఆ మూత తుపాకి గుండువలె ఎగిరి కంటికిగాని ముఖమునకుగాని తగులవచ్చును. నొక్కియున్న స్ప్రింగు కూడ అంతటి ప్రమాదకరమే. అందుచేత లంకెకు గ్రీజు పెట్టుట ఇంటి ముంగిట చేసికొనదగిన పని. షాకప్‌ను విప్పుట మాత్రము తగిన పరికరములు గలవారికే విడువవలసిన పని. మన కార్ఖానా మిస్త్రీయు దానిని తాను విప్పక, నైట్రోజను నింపు సౌకర్యమున్న మరియొకరియొద్దకు పంపెను. తనకు రాని పనిని రాదని చెప్పుట కూడ పనితనమే.

అన్ని షాకప్‌లును బాగుచేయదగినవి కావు. కొన్నింటిని తయారీలోనే మూసివేసెదరు. అవి చెడినచో మార్చుటయే గతి. విప్పుటకు వీలున్నవానియందు కడ్డీ ముఖ్యము. కడ్డీ క్రోమియపు పూత నునుపుగా నున్నచో క్రొత్త సీలు, క్రొత్త నూనె, వాయువు చాలును. పూత లేచి గుంటలు పడినచో ఆ గరుకు అంచు క్రొత్త సీలును కూడ కోసివేయును. ఈ బండి కడ్డీ అదృష్టవశమున నునుపుగానే యుండెను. క్రొత్త షాకప్ కొనవలసిన అవసరము తప్పెను.

కూర్పు ముగిసిన పిదప కొలత మిగిలియుండును. దీనిని చాలమంది విడిచిపెట్టెదరు. చక్రపు ఇరుసునుండి నిట్టనిలువుగా పైన చట్రమున ఒక గురుతువరకు టేపుతో కొలువవలయును. చక్రము గాలిలో నున్నపుడు ఒకమారు, బండి తన బరువుపై నిలచినపుడు ఒకమారు, నడపువాడు శిరస్త్రాణముతోసహా కూర్చున్నపుడు ఒకమారు. మొదటి కొలత 560 మిల్లీమీటర్లు, రెండవది 545, మూడవది 505 అనుకొందము. బండి తన బరువునకు 15, మనిషి బరువుతో 55 మిల్లీమీటర్లు కుంగినదని తెలియును. చక్రము కదలగల మొత్తము దూరములో ఇంచుమించు మూడవవంతు, మనిషి కూర్చున్నపుడు కుంగవలయునని పెద్ద సూత్రము. 180 మిల్లీమీటర్ల బండికి 55 సరిపడినట్లే. ఆ కుంగుదల గోతులకొరకు ఉంచిన నిలువ వంటిది; చక్రము గోతిలోనికి దిగినపుడు నేలను విడువకుండ అది కాపాడును.

మనిషి కూర్చున్నపుడు సరిగా కుంగి, బండి తన బరువునకు మాత్రము ఏమియు కుంగనిచో, ఆ స్ప్రింగు ఆ మనిషికి మెత్తనిదని గ్రహింపవలయును. అట్టిచో రింగును ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు, స్ప్రింగునే మార్చవలయును. ఎల్లప్పుడు ఇద్దరు కూర్చుండి పోవుచున్నచో ఇద్దరితోను కొలిచి, దానికి తగినట్లు రింగును సవరించుకొనవలయును. తుదకు గొలుసును కూడ చూడవలయును. చక్రపు ఇరుసు, చిమ్టా కీలు, ముందు పళ్ల చక్రము ఒకే గీతపైకి వచ్చినపుడు గొలుసు మిక్కిలి బిగువగును. అప్పుడును కొంత వదులు మిగులునట్లు అమర్చుకొనవలయును.

ఆ బండి ఆ స్పీడు బ్రేకరుపై ఇప్పుడు ఒకమారు కుంగి, ఒకమారు లేచి, ఊరకుండుచున్నది. ఖర్చు ఒక క్రొత్త షాకప్ వెలకన్న తక్కువగానే తేలినది. అంతకు మించిన లాభము, ఆ కుమారునకు తన బండి లోపలి సంగతి తెలియుట.

గృహస్థులకు మేము చేయు మనవి చిన్నది. పాత బండి కొనునపుడు అమ్మువారిని, “లంకెను ఎప్పుడు విప్పి గ్రీజు పెట్టించితిరి?” అని యడుగుడు. సమాధానము తడబడినచో ఆ పనికి కాగల వ్యయమును బేరములోనే తగ్గించుకొనుడు. చక్రమును ఒకమారు పైకెత్తి, చిమ్టాను ఒకమారు ప్రక్కకు త్రోసి, కడ్డీని ఒకమారు గుడ్డతో తుడువుడు. దీనికి ఐదు నిమిషములు చాలును. కొన్న పిదప జూనులో వానలకు ముందొకమారు, వానలు వెలిసిన పిదప మరియొకమారు లంకెను చూపించుడు. దసరాకు ఆయుధపూజ నాడు బండిని కడిగి పసుపుకుంకుమలతో అలంకరించుట మన యిండ్లలో ఆచారము. ఆ వారముననే కీళ్లకు కొంత గ్రీజు పెట్టించుట కూడ ఆచారముగా చేసికొన్నచో, ఆ బండి వెనుక కూర్చుండు తల్లులకును, చెల్లెండ్రకును సంవత్సరమంతయు నిశ్చింతగా నుండును.